పైన్నే ఎందుకుండాలె

నల్లగొండ గడియారం సెంటర్ల
విత్తనాల దుకాణం మీది గది.
పురుగుమందు వాసన మెట్లెక్కి వస్తది.
అక్కడ కూసోని మూడేండ్లు
కిటికీలు చెక్కిన,
గోడకు కాదు, తెరకు.
కిరాయికొచ్చిన ఓనరు బుచ్చిరాములు
నా భుజం మీదికెళ్లి తొంగిచూసి
"కిటికీలంటివి, మరి గాలేది?" అనేటోడు.

బటన్, పెట్టె, జారుడు పట్టీ, జాబితా:
ఎవరి ప్రోగ్రాముకైనా అతుక్కునే సామాను.
పేరు గిరక.
పైసలు లేవు, తాళం లేదు.
కోడంతా రోడ్డు మీద ఆరబోసిన వడ్ల తీరు,
ఎవరన్న పిడికెడు తీసి నమిలి చూడొచ్చు.

మొదటి తప్పు తెలుగే పట్టింది.
బటన్ ఎత్తు ఇరవై చుక్కలని రాస్తే
కిందికి దిగే ఒత్తులు తెగిపోయినయ్.
'స్త్రీ' అని రాసిన చోట
'సీ' అని మిగిలింది.
నవ్విన, సిగ్గుపడ్డ,
ఎత్తెంతో అక్షరాన్నే అడగమని రాసిన.
ఇగ ఎవరొచ్చినా ఒదుగుతరనుకున్న.
రంగుల పెట్టెకు ఇంకో మూడు నెలలు:
బత్తాయి తోలు పసుపు,
కంది పూత మీది ఎరుపు చార,
కృష్ణ ఎండినప్పటి బండ రంగు.
ఎట్లంటే అట్ల మార్చుకోండని చాటించిన.

మర్రిగూడ దారిల అండాలు జిరాక్సు దుకాణం.
పింఛను దరఖాస్తులు నింపుతది,
పేర్లు తారుమారైన జాబితాలు సరిజేసే
చిన్న చిన్న ప్రోగ్రాములు తనే రాసుకుంటది.
పసితనంల తాగిన బోరునీళ్లు
ఎముకల్ల గట్టిపడ్డయ్.
మెడ లేవదు. వేళ్లు సాగవు.
పెన్సిల్‌ను పిడికిట్ల పట్టి
రబ్బరు దిక్కుతోని మీటలు నొక్కుతది.
మానిటర్‌ను నేల మీదనే
రెండిటుకలకు ఆనిచ్చి పెట్టుకున్నది.

గిరకను ఎక్కించి చూపిచ్చిన.
రంగులు ఒక్కొక్కటే తిప్పిన.
ఓపికగ చూసింది.
"మంచిగనే ఉన్నయ్ గని తమ్మీ,
ఈ మెనూ పట్టీ
పైన్నే ఎందుకుండాలె?"

అందరికీ అక్కడే ఉంటది, అనబోయి
ఆ 'అందరి'ల ఎవరెవరున్నరో
లెక్కపెట్టుకుంట బస్సెక్కిన.

రాత్రి ఫైలు తెరిస్తే
రెండొందల పన్నెండో వరుస:
మెనూ స్థానం, సున్నా.
పక్కన నా రాతే:
'దీన్ని ఎవరూ మార్చరు.'
డిఫాల్ట్ అంటే
ఎవరిదో ఒకరి మెడ పొడుగు.
ఇన్నాళ్లు అది నాది.

సున్నా తీసేస్తే అంతా కూలింది.
అడుగుకు దింపిన మెనూ
ఇంకా కిందికే తెరుచుకొని
తెర దాటి పడిపోయేది.
పదకొండు రాత్రులు, నాలుగు కట్టల బీడీలు.
ముఖం తెలువని మనిషి ఏ దేశం నుంచో
మెనూ పైకి తెరుచుకునే ఆరు వరుసలు పంపిండు.
ఒక చేత బిడ్డనెత్తుకొని కోడ్ చూస్తడట,
బొటనవేలు పైదాక అందదట.

ఆదివారం మళ్ల పోయిన.
అండాలు అప్పటికే దించుకున్నది, సర్దుకున్నది.
మెనూ అడుగున.
బటన్లు అగ్గిపెట్టెలంత.
నడుమ నడుమ వేలెడు జాగ.
తప్పు నొక్కితే మొత్తుకోకుంట
మెల్లగ ఒకసారి అడగమని రాసుకున్నది.
నేను గీసింది నాకే ఆనవాలు దొరకలె.
కొంచెం కుళ్లు. దాని కింద చానా సంబురం.

"నీ రంగుల పెట్టె దాచిపెట్టిన,
ఊకె జాగ తింటున్నది. ఏమనుకోకు."
ఏమనుకుంట?

గుమ్మంల ఒకామె
పాసుబుక్కు కొంగుల చుట్టుకొని నిలబడ్డది.
అండాలు పెన్సిల్ తిప్పి
అడుగునున్న 'స్త్రీ' మీద నొక్కింది.
వంగి చూసిన.
ఒత్తులు రెండూ ఉన్నయ్.